చింతపండు పులుపు తెలిసిన నాలుక్కి ఎట్నా తెల్ల వైన్

మాది నరసాపురం దగ్గర. పన్నెండేళ్లుగా ఇటలీలోని సిసిలీ దీవిలో, రిపోస్తో అనే రేవు ఊళ్లో, ఒక చేపల హోటల్లో పనిచేస్తున్నాను. మొదట గిన్నెలు కడిగాను, తర్వాత చేపలు బాగుచేశాను, ఇప్పుడు వడ్డన నాదే. హోటల్ గుమ్మంలో నిలబడి ఒకవైపు చూస్తే సముద్రం, ఇటు తిరిగితే ఎట్నా. 3,300 మీటర్లకు పైబడిన అగ్నిపర్వతం. చలికాలంలో నెత్తిన మంచు, ఆ మంచులోంచి పొగ. ఆ కొండవాలు మీద పండిన ద్రాక్షతో చేసే తెల్ల వైన్ పేరు ఎట్నా బియాంకో. ఇక్కడికి చదువుకోడానికి వచ్చే మన పిల్లలు, సెలవులకు వచ్చే దంపతులు, ఫోన్లో బంధువులు అందరూ నన్నడిగేది ఒకటే: ఏది కొనాలి, ఎలా తాగాలి, మన కూరలతో పడుతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ఈ వైన్‌కి ప్రాణం పులుపు. సీసా ఎంచుకునేటప్పుడూ, చల్లబరిచేటప్పుడూ, పక్కన ఏం వడ్డించాలో చూసుకునేటప్పుడూ ఆ పులుపు చెడకుండా చూసుకోవాలి. మొదటిసారి తాగినవాళ్లు చాలామంది మొహం చిట్లిస్తారు. మనం అలా చిట్లించాల్సిన పని లేదు. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. చింతపండుకి ఆ పులుపునిచ్చేదీ అదే ఆమ్లం. చిన్నప్పటి నుంచి చారులో, పులుసులో, పులిహోరలో దాన్ని తింటూ పెరిగిన నాలుక మనది. ఎట్నా బియాంకోని మన వాళ్లు తొందరగా పట్టుకుంటారని నా నమ్మకం. ఈ పన్నెండేళ్లలో ఎంతోమందికి పోసి చూశాకే ఈ మాట అంటున్నాను.

ఇది డ్రై వైన్. ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాల్‌గా మారిపోయి, నాలుక్కి తీపి తగలని వైన్‌ని డ్రై అంటారు. ఇటాలియన్‌లో సెక్కో. ఐరోపా లెక్క ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర మిగిలితే డ్రై. పులుపు బాగా ఉన్నవాటికి 9 గ్రాముల దాకా కూడా ఆ పేరు ఇస్తారు. తెల్ల వైన్ అనగానే తియ్యగా ఉంటుందనుకుని కొంటే నిరాశ పడతారు.

కొనే ముందు ఆ నేల సంగతి కొంచెం తెలుసుకుంటే సీసా మీద రాతలు సులువుగా అర్థమవుతాయి. మా ఊరి నుంచి మెలికల దారిలో అరగంట లోపు పైకి వెళ్తే మిలో అనే ఊరు వస్తుంది. ఇక్కడివాళ్లు 'మీలో' అని దీర్ఘం తీసి పలుకుతారు. మొదటిసారి ఆ బోర్డు చూసినప్పుడు ఎవరో తెలుగులో నాతో మాట మొదలుపెట్టి ఆపేసినట్టు అనిపించింది. ఏటా అక్టోబరులో నాలుగైదు రోజులు సెలవు పెట్టి, మా యజమాని బంధువుల తోటలో ద్రాక్ష కోతకు వెళ్తాను. చిన్న కుటుంబం. తోటా వాళ్లదే, సీసాలు నింపేదీ వాళ్లే. ఇంటి పెద్దాయన్ని అందరూ నోన్నో అంటారు, అంటే తాత. నేనూ అలాగే పిలుస్తాను.

పొద్దున్నే కొండ మీద చలి చేతివేళ్లకు తెలుస్తుంది. కాలి కింద నల్లటి రవ్వ. అగ్నిపర్వతం ఎగజిమ్మిన ఈ తేలికరాళ్లను ఇక్కడ రిపిద్దు అంటారు. అడుగేస్తే కరకరమంటుంది. ఎంత వాన పడినా నీళ్లు నిలవకుండా జారిపోతాయి. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా పేర్చిన నల్లరాతి గట్లు మెట్లుమెట్లుగా పైకి పోతుంటాయి. తీగల్ని పందిరికి పాకించరు. ఒక్కో తీగకీ ఒక చెస్ట్‌నట్ కర్ర పాతి, పొట్టి చెట్టులా పెంచుతారు. ఈ పద్ధతి పేరు అల్బెరెల్లో, చిన్న చెట్టు అని అర్థం. ఇలాంటి తోటలోకి ట్రాక్టర్ రాదు. పనంతా నడుముతోనే.

మొదటి ఏడాది గుత్తి ఎప్పుడు కోయాలో ఎలా తెలుస్తుందని అడిగాను. నోన్నో ఒక పండు నా నోట్లో పెట్టి, గింజ కొరకమన్నాడు. చేదుగా, పచ్చిగా ఉంది. నాలుగు గట్లు కిందికి దించి ఇంకో పండు ఇచ్చాడు. ఆ గింజ గోధుమరంగు తిరిగి, వేయించిన పల్లీలా కటుక్కుమని విరిగింది. "ఇది ఇవాళ, అది వచ్చే వారం" అన్నాడు. ఒకే తోటలో నాలుగు గట్ల ఎత్తుకి ఒక వారం తేడా. తోటలు దాదాపు 400 మీటర్ల నుంచి 1,000 మీటర్ల దాకా ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ రాత్రి చలి పెరుగుతుంది, పండు నెమ్మదిగా పండుతుంది, పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. లావా రాయి రుచి వైన్‌లోకి వస్తుందని చెప్పి అమ్ముతుంటారు. రాయి రుచి వేళ్ల గుండా పైకెక్కి పండులోకి చేరదు. నోట్లో ఉప్పగా, సముద్రపు గాలిలా తగిలే ఆ తాకిడి నిజమే. అయితే ఎత్తు, రాత్రి చలి, నీళ్లు నిలవని నేల, తూర్పు వాలు మీద దండిగా కురిసే వాన, ఈ వైన్‌కి ముఖ్యమైన, ఆలస్యంగా పండే కరికాంతే అనే తెల్ల ద్రాక్ష, ఇవన్నీ కలిసి తెచ్చిన రుచి అది. అగ్నిపర్వతం మాత్రం ఈ మనుషుల బతుకులో రోజూ ఉంటుంది. 2021లో వరసగా పేలినన్ని రోజులు రిపోస్తో వీధుల్లో నల్లటి రవ్వను చీపుళ్లతో ఊడ్చి సంచులకెత్తాం. గొడుగు లేకుండా బయటికి వెళ్తే నెత్తిన గులకలు పడేవి.

సరే, ఇక కొనడం. సీసా మీద 'ఎట్నా బియాంకో' అని, దగ్గర్లోనే 'డి.ఓ.సి.' అనీ ఉండాలి. ఏ ప్రాంతంలో, ఏ ద్రాక్షతో చేయాలో నియమాలు పెట్టి ఇటలీలో ఇచ్చే గుర్తింపు అది. ఎట్నాకి 1968లో వచ్చింది. నియమం ప్రకారం కనీసం 60 శాతం కరికాంతే ఉండాలి, మిగతాదాంట్లో కతర్రాత్తో అనే ఇంకో తెల్ల ద్రాక్ష కలవొచ్చు. మరో మెట్టు పైన 'సుపెరియోరె' అని ఉంటుంది. దాంట్లో కరికాంతే కనీసం 80 శాతం, ద్రాక్ష మిలో పొలిమేరలో పండినదే అయి ఉండాలి. మొదటిసారి కొనేవాళ్లకు మామూలు ఎట్నా బియాంకో చాలు. ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా 15 నుంచి 25 యూరోల మధ్య దొరుకుతుంది. సుపెరియోరెకి ఓపిక కావాలి. కొత్తది తెరిస్తే నిమ్మరసంలా మూతి ముడుచుకుంటుంది. నాలుగైదేళ్లు ఆగితే తేనె, సోంపు, చమోమిలే పూల వాసనలు విచ్చుకుంటాయి. బాగా పాతబడితే కొంచెం కిరసనాయిలు వాసన కూడా వస్తుంది. కంగారుపడి పారబోయకండి. కరికాంతే పాతబడ్డప్పుడు వచ్చే వాసనే అది, చాలామంది దానికోసమే దాచుకుంటారు.

కుటుంబం సొంతంగా చేసినదా, ఎవరి దగ్గరో కొని సీసాల్లో పోసినదా అన్నది సీసా వెనక చీటీ మీద తెలుస్తుంది. 'ఇంబొతిల్యాతో అల్లొరీజినే' అని ఉంటే పండించినచోటే సీసాకెత్తారని అర్థం. నేను ముందు చూసేది ఆ రెండు మాటల కోసమే. కొన్నిటి మీద 'కొంత్రాదా' అని ఒక పేరు ఉంటుంది. మన దగ్గర పొలాలకు పుంత చేను, చెరువు కింది చేను అని పేర్లున్నట్టే, కొండ మీద ఒక్కో చెక్కకి ఒక్కో పేరు. అలాంటివి 130కి పైగా ఉన్నాయి. వైన్ చేసే పాత సంస్థల్లో మిలోలోని బరోనె ది విల్లాగ్రాందె ఉంది. నికొలోజీ కుటుంబం అక్కడ 1727 నుంచి ద్రాక్ష పండిస్తోంది. బెనాంతి కుటుంబం వాళ్ల 'పియెత్రా మరీనా' మిలో కరికాంతేతోనే చేస్తారు, 1990 పంటతో మొదలైంది. ఏళ్లతరబడి నిలవ ఉంచుకోదగ్గ తెల్ల వైన్ ఎట్నా మీద పుడుతుందని చాలామందికి నమ్మకం కలిగించిన సీసా అది. ధర కూడా ఆ మేరకే ఉంటుంది. ఎట్నా సీసా అసలు దొరకని ఊళ్లో ఉంటే, అగ్నిపర్వతం నేల మీదే పండే గ్రీకుల సాంతోరీని దీవి తెల్ల వైన్ అసీర్తికో వెతకండి. పులుపులో, ఉప్పదనంలో దగ్గరి చుట్టం.

కొట్టులో సీసా ఎక్కడ పెట్టారో చూడండి. ఒకసారి నేను తొందరలో అద్దాల అలమరలోది, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోటుది, తీసుకొచ్చాను. రెండేళ్ల వైన్ ముదురు బెల్లం రంగుకి తిరిగి ఉంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. కొత్త ఎట్నా బియాంకో లేత గడ్డి రంగులో, కాస్త ఆకుపచ్చ మెరుపుతో ఉంటుంది. సీసా పచ్చదైతే వెలుగుకి పట్టి చూడండి.

ఇంకో సంగతి మన ఇళ్లలో చాలా గొడవ తెస్తుంది. సీసా అడుగునో, బిరడా కిందో పంచదార పలుకుల్లాంటి తెల్లటి రవ్వ కనిపిస్తుంది. గాజుపెంకులని భయపడి మా పిన్ని కొడుకు ఒక మంచి సీసా సింకులో పోసేశాడు. అది టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి ఏర్పడిన లవణం, చలికి పలుకులు కట్టి కిందికి దిగింది. చింతపండు పులుపు కళ్లకు కనిపించిందనుకోండి. ఏ హానీ లేదు. చివరి గుక్కెడు సీసాలోనే వదిలేస్తే సరి.

చల్లబరచడం దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ఈ వైన్‌కి 10 నుంచి 12 డిగ్రీల చలి కావాలి. ఇంటి ఫ్రిజ్ 4, 5 డిగ్రీలుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే పులుపు తప్ప మరేదీ తెలియదు. వాసన మొత్తం ముడుచుకుపోతుంది. తాగడానికి ఇరవై నిమిషాల ముందు బయట పెట్టండి. రోహిణి కార్తె ఎండల్లో అయితే అంతసేపు అక్కర్లేదు, గది గాలే పని చేసేస్తుంది. పాతబడిన సుపెరియోరెకి 12, 13 డిగ్రీలైనా బాగుంటుంది. సీసా గది వేడిలో ఉండి చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశారా? బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసా మెడ దాకా ముంచండి. పదిహేను నిమిషాలు. ఒట్టి ఐసు గడ్డల మధ్య గుచ్చితే అంత తొందరగా చల్లబడదు, నీళ్లుంటేనే చలి సీసాని అన్నివైపులా పట్టుకుంటుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. నేను ఇక్కడికొచ్చిన తొలి సంక్రాంతికి అలా పెట్టి మర్చిపోయాను. పొద్దున చూస్తే బిరడా సగం బయటికి తన్నుకొచ్చి ఉంది. అందులోని నీరు గడ్డకట్టి ఉబ్బింది.

తెరవడానికి మడత పెట్టే మామూలు మర తీత (కార్క్‌స్క్రూ) చాలు, సీసా అంచుకి ఆనే మీటకి రెండు మెట్లున్నది తీసుకోండి. సీసా పెదవి కింద ఉబ్బుగా ఉండే అంచు దగ్గర రేకుని చుట్టూ కోయాలి, పైన కోస్తే వైన్ రేకుకి తగులుతూ కారుతుంది. మర మొనని బిరడా మధ్యలో నిలబెట్టి నిటారుగా తిప్పండి. ఒక చుట్టు మిగిలి ఉండగా ఆపేయండి, అడుగు దాటితే ముక్కలు వైన్‌లో పడతాయి. మొదటి మెట్టుతో సగం, రెండో మెట్టుతో మిగతాది. చివర్లో చేత్తో మెల్లగా ఊపుతూ తీస్తే చప్పుడు రాదు. బిరడాని కాదు, గ్లాసులో కొంచెం పోసి వైన్‌నే వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసనో, మూసిపెట్టిన పాత గది వాసనో వస్తే బిరడా పాడైందని అర్థం. హోటల్లో అయితే మొహమాటపడకుండా చెప్పండి, మార్చి ఇస్తారు. మేం మారుస్తాం.

గ్లాసు కాడ ఉన్నదీ, మరీ సన్నగా లేనిదీ కావాలి. మూడో వంతు పోస్తే చాలు. 750 మిల్లీలీటర్ల సీసా సుమారు ఐదు గ్లాసులు. మొదటి గుక్కని చారులో ఉప్పూ పులుపూ సరిపోయాయా అని చూసినట్టు చూడండి: కొంచెం నోట్లోకి తీసుకుని, నాలుక పక్కల దాకా పారనిచ్చి, మింగాక ఆగండి. దవడ దగ్గర నీళ్లూరతాయి. ఎంతసేపు ఊరుతున్నాయో గమనించండి. మంచి కరికాంతే మింగాక కూడా చాలాసేపు నిలుస్తుంది. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, తెల్లపూలు, అడుగున సన్నగా ఉప్పు.

ఆ పచ్చి ఆపిల్ పులుపు గురించి నోన్నో చెప్పింది నాకు బాగా నచ్చింది. కరికాంతేలో టార్టారిక్‌తో పాటు మాలిక్ ఆమ్లం కూడా ఎక్కువ, అది పచ్చి ఆపిల్‌లో ఉండే పదునైన పులుపు. పాతకాలం వాళ్లు వైన్‌ని మడ్డి మీదే చలికాలమంతా వదిలేసేవాళ్లు. వసంతంలో ఎండ తగలగానే బాక్టీరియా మేలుకుని ఆ పదునుని లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగు పులుపుగా, మార్చేవి. ఇప్పుడు కొందరు అలాగే వదిలేస్తారు, కొందరు పదును కోసం ఆపేస్తారు. గ్లాసులో కత్తిలా తగిలితే ఆపినది, మజ్జిగలా మెత్తగా దిగితే వదిలినది కావచ్చు. నాకు మెత్తటిదే ఇష్టం.

ఇక మన కంచం. ఇక్కడివాళ్లు దీన్ని సార్డీన్లతో, నిమ్మరసం పిండిన పచ్చి రొయ్యలతో, బ్రోంతే అనే ఊరి పిస్తా వేసిన పాస్తాతో తాగుతారు. మనకి నేను చెప్పే సూత్రం ఒక్కటే: వంటకం పులుపు వైన్ పులుపుని దాటకూడదు, కారం సగానికి తగ్గాలి. కారం మీద ఆల్కహాల్ పడితే మంట రెట్టింపవుతుంది, ఆ మంటలో వైన్ వట్టి పుల్లనీళ్లే.

అన్నిటికంటే బాగా కుదిరేది చందువ చేప వేపుడు. ఉప్పు, పసుపు, కొంచెం మిరియాలపొడి, బియ్యప్పిండి అద్ది పెనం మీద కరకరలాడేలా వేయించాలి. నూనె జిడ్డుని వైన్ కడిగేస్తుంది, చేప ఉప్పు వైన్‌లో ఉప్పుని బయటికి లాగుతుంది. రెండోది నిమ్మకాయ పులిహోర. ఇంగువ, కరివేపాకు తిరగమోతతో ఈ వైన్ ఇంత చక్కగా కలుస్తుందని నేనూ అనుకోలేదు. ఒక ఉగాదికి మా హోటల్ వంటగదిలో చేసి పెడితే, నోన్నో రెండోసారి వడ్డించమని గిన్నె చాపాడు. చింతపండు పులిహోర కూడా పడుతుంది, పులుపు తక్కువ వేసి, ఆవపిండి కలపకుండా చేస్తే. మామిడికాయ పప్పు, పెసరట్టు, కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూర, నెయ్యి వేసిన ముద్దపప్పు, అన్నీ సై.

చేపల పులుసు పెట్టాలని మన వాళ్లకి తప్పక ఉంటుంది. పెట్టండి, కానీ చింతపండు సగం తగ్గించి, ఎండుకారం బదులు రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, మర్నాటి పులుసు పెట్టండి. ఒక రాత్రి నిలవుంటే ఘాటు తగ్గి ముక్కకి పట్టి ఉంటుంది. గోంగూర మాత్రం వద్దు. దాని పులుపు ముందు ఏ వైనూ నిలవదు, రెండూ పాడవుతాయి. ఆవకాయ అసలు దగ్గరికే తేవద్దు. బూరెలూ అరిసెలూ తిన్నాక తాగితే ఈ వైన్ చేదెక్కుతుంది. స్వీటు పెట్టే ముందే గ్లాసులు ఖాళీ చేయండి.

ఆల్కహాల్ మామూలుగా 12, 13 శాతం ఉంటుంది. చల్లగా తేలిగ్గా దిగుతుంది కాబట్టి తెలియకుండానే మూడో గ్లాసు అయిపోతుంది. పక్కన మంచినీళ్లు పెట్టుకోండి. మిలో తోటలు చూడ్డానికి వచ్చేవాళ్లలో ఒకరు తాగకుండా ఉండాలి. ఆ మెలికల దారి దిగడం తాగనివాళ్లకే కష్టం, పైగా ఇటలీలో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటి బండి నడిపితే జరిమానా.

తెరవని సీసాని చీకట్లో, పడుకోబెట్టి, 12 నుంచి 15 డిగ్రీల్లో ఉంచితే మామూలు బియాంకో మూడు నాలుగేళ్లు, మంచి సుపెరియోరె పదేళ్ల దాకా బాగుంటాయి. విజయవాడ వేసవిలో అలమరలో ఉంచితే ఒక్క కాలానికే పాడవుతుంది. అలాంటి చోట ఫ్రిజ్ అడుగు అరలో పెట్టి, కొన్ని నెలల్లోనే తాగేయడం మంచిది. తెరిచినదాన్ని అదే బిరడాతో మూసి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మూడు రోజులు ఫర్వాలేదు. నిజానికి రెండో రోజు గ్లాసు చాలాసార్లు మొదటి రోజుకంటే బాగుంటుంది. గాలి తగిలి పదును కాస్త వంగుతుంది. ఒక గ్లాసుకి సరిపడా కావాలనే మిగిల్చి మర్నాడు తాగి చూడండి.

నాలుగో రోజుకి అడుగున ఏమైనా మిగిలితే పారబోయకండి. మూకుడులో ఆలివ్ నూనె, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, వాసన రాగానే కడిగిన ఆల్చిప్పలు అరకిలో వేయండి. పైన ఈ వైన్ అర గ్లాసు పోసి మూత పెట్టండి. పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాల్లో చిప్పలు విచ్చుకుంటాయి. విచ్చుకోనివి తీసి పారేయండి. ఉప్పు వేయొద్దు, చిప్పల్లోనే సముద్రం ఉంది. కొత్తిమీర చల్లి, ఆ రసంలో రొట్టె ముంచుకుని తినండి.